పాతదే ఉంచుదామా, కొత్తదానికి మారుదామా?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మన పెద్దలు అన్నారు. కంప్యూటరు విభాగంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన మాకు మాత్రం ఈ సామెత చాలాకాలం తలక్రిందులుగానే కనిపించింది. మా సర్వరు గదిలో పాతదే ముద్దు, కొత్తదే భయం. నడుస్తున్న యంత్రాన్ని ముట్టుకోరాదు అన్నది మా విభాగంలో అలిఖిత శాసనం. ఆ శాసనాన్ని మేము ఎందుకు అంతగా నమ్మామో, ఆ నమ్మకం ఎప్పుడు సడలిందో, చివరకు ఏ నిర్ణయానికి వచ్చామో మన పత్రిక పాఠకులతో పంచుకోవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఢిల్లీ కార్యాలయంలో మాకు ఎదురైన ప్రశ్న ఇతర యూనిట్లలోని సోదర ఇంజనీర్లకు కూడా నేడో రేపో ఫైలు రూపంలో ఎదురుకాక తప్పదు.

సాంకేతిక రంగానికి చెందని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. కార్యాలయంలోని కంప్యూటర్లన్నింటికీ ఒకే చోటి నుండి లెక్కలు, దస్త్రాలు అందించే యంత్రమే సర్వరు. దానిలోని సాఫ్ట్‌వేరును మూడు అంతస్తుల ఇంటితో పోల్చవచ్చు. అడుగున ఆపరేటింగ్ సిస్టమ్, నడుమ డేటాబేసు, పైన మన అవసరాలకు మనం రాసుకున్న ప్రోగ్రాములు. అడుగు అంతస్తును మార్చబోతే పై రెండూ కదులుతాయి. అందుకే ఇంజనీర్లకు ఆ భయం. మార్చకుండా ఉందామంటే మరొక చిక్కు ఉంది. సాఫ్ట్‌వేరు తయారుచేసినవారు ఒక నిర్ణీత తేదీ వరకే దానిలోని లోపాలను సవరిస్తారు. ఆ తేదీ దాటిన తరువాత బయటపడిన జబ్బుకు మందు రాదు. ఈ రెండు భయాల మధ్య తూకం వేయడమే మా ఉద్యోగంలో సగభాగం.

మేము కాకినాడలో ఇంజనీరింగు పూర్తిచేసి 1993లో విజయవాడలో జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరాము. చేరిన ఆరేళ్ళకు 2000 సంవత్సరపు సమస్య వచ్చి పడింది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములు శతాబ్దం మారగానే 1900వ సంవత్సరంలోకి జారిపోతాయన్న ఆందోళన అది. ఆ సమస్య పుణ్యమా అని మన తెలుగు యువకులు ఎందరో హైదరాబాదులోని అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికాకు వెళ్ళారు. మేము ఢిల్లీ చలిలో, మన సంస్థ జీతాల, పింఛనుల ప్రోగ్రాములను వరుస వెంట వరుస చదువుతూ ఉండిపోయాము. 1999 డిసెంబరు 31 రాత్రి సర్వరు గదిలోనే గడిచింది. పన్నెండు దాటింది, ఏమీ జరగలేదు. తెల్లవారి టీ తాగుతూ, తక్కువ కదిలించినవాడే ఎక్కువ గెలిచినవాడు అని మాలో మేము అనుకున్నాము. అసలు ఏమీ జరగకపోవడానికి కారణం అంతకు ముందు పద్ధెనిమిది నెలల పాటు వందలాది చోట్ల కదిలించడమేనన్న సంగతి ఎంత తొందరగా మరచిపోయామో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ తరువాతి సంఘటనలు కూడా మా పక్షానే సాక్ష్యం చెబుతున్నట్లు తోచాయి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం లోకమంతటా గగ్గోలు పుట్టించింది. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేరులో అది దాగి ఉంది. విచిత్రమేమిటంటే ఆ లోపం 2012లో వచ్చిన 1.0.1 వర్షన్‌తోనే పుట్టింది. అంతకు పూర్వపు 0.9.8 వర్షన్ వాడుతున్నవారికి దాని బాధ లేదు. మా యంత్రాలలో ఉన్నది ఆ పాతదే. ఉత్సాహంగా కొత్తదానికి మారిన మిత్రులు రాత్రికి రాత్రి తాళాలు మార్చుకుంటుంటే మేము నిశ్చింతగా నిద్రపోయాము. అది వివేకం అనుకున్నాము. అదృష్టం అని ఎవరైనా అంటే ఒప్పుకొనేవారము కాము.

ఇక అసలు కథ. విశ్రాంత ఉద్యోగుల వైద్య ఖర్చుల చెల్లింపు, వారి కుటుంబ వివరాలు, పుట్టిన తేదీలు, బ్యాంకు ఖాతాలు అన్నీ ఒకే సర్వరులో ఉండేవి. దానిలో సెంటాస్ 6 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేది. దానికి 2020 నవంబరు 30తో గడువు తీరిపోతుందని అందరికీ తెలుసు. 2019 చివరలో, అప్పుడే వచ్చిన సెంటాస్ 8కి మారుదామని మా విభాగం నుండే ఒక ప్రతిపాదన వచ్చింది. ఆ ఫైలుపై మేము స్వహస్తంతో ఇలా రాశాము: ‘ప్రస్తుత వ్యవస్థ సంతృప్తికరంగా పనిచేయుచున్నది. మార్పునకు తక్షణ ఆవశ్యకత కనిపించుట లేదు.’ ఫైలు అలమరలోకి వెళ్ళింది.

మరుసటి సంవత్సరం డిసెంబరులో మా మాటకు గొప్ప బలం చేకూరింది. 2029 వరకు ఉంటుందనుకున్న సెంటాస్ 8 ఆయువును 2021 డిసెంబరుకే ముగిస్తున్నట్లు దాని నిర్వాహకులు ప్రకటించారు. దానికి ముందుదైన సెంటాస్ 7కు మాత్రం 2024 జూన్ 30 వరకు గడువు అలాగే నిలిచింది. అంటే పరుగెత్తి కొత్తదానిని పట్టుకున్నవారు, ఒక మెట్టు కిందనే ఆగినవారికన్నా రెండున్నరేళ్ళు ముందుగా దిక్కులేనివారయ్యారు. మేము ఈ వార్తను కత్తిరించి విభాగం నోటీసు బోర్డుపై అంటించాము. మేము ఆగినది ఆ ఒక మెట్టు కింద కాదు, రెండు మెట్ల కింద అనీ, మా గడువు అప్పటికే తీరిపోయిందనీ ఆ నోటీసు బోర్డు ముందు ఎవరూ అనలేదు, మేము కూడా అనుకోలేదు.

మరొక పొరపాటు కూడా చేశాము. 2020లో లాక్‌డౌన్ కాలంలో విశ్రాంత ఉద్యోగులు కార్యాలయానికి రాలేకపోతున్నారని, తమ బిల్లు ఏ దశలో ఉన్నదో ఇంటి నుండే చూసుకొనే వీలు కల్పించాము. సదుద్దేశమే. కానీ అంతవరకు నాలుగు గోడల మధ్య ఉన్న పాత సర్వరుకు అలా వీధి వైపు ఒక తలుపు తెరిచాము. గడువు తీరిన సంవత్సరమే తలుపు కూడా తెరుచుకున్నది.

ఇటువంటి తలుపుల గుండా ఏమి వస్తుందో తెలియని అమాయకులము కాము. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ సుమారు 150 దేశాలలో కంప్యూటర్లను తాళం వేసి సొమ్ము అడిగింది. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే ఇచ్చింది, వేయించుకోనివారే దెబ్బతిన్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి. మా కార్యాలయానికి మెట్రోలో కొద్ది దూరంలోనే ఉన్న ఎయిమ్స్ ఆసుపత్రిలో 2022 నవంబరు 23న ఇటువంటి దాడే జరిగింది. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడిపోయిందని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దాదాపు రెండు వారాలపాటు రోగుల నమోదు నుండి పరీక్షల నివేదికల వరకు చేతిరాతతో సాగాయి. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వరు ఉండబట్టి సమాచారం తిరిగి దక్కింది. ఆ వార్తలు చదివినప్పుడు మాకు కలగవలసిన ప్రశ్న: మా బ్యాకప్ సంగతి ఏమిటి? కలిగిన ఆలోచన వేరు: మనది చిన్న సర్వరు, దీని జోలికి ఎవరు వస్తారు?

నిజంగానే ఎవరూ రాలేదు. వచ్చినది ఢిల్లీ ఎండ. 2024 జూన్‌లో ఒక శనివారం రాత్రి సర్వరు గదిలోని ఎ.సి. ఆగిపోయింది. వేడికి సర్వరు తనంతట తాను ఆగింది. ఆదివారం ఉదయం తిరిగి ఆన్ చేస్తే రెండు డిస్కులు లేవలేదు. ఒకటి పోయినా తట్టుకొనే ఏర్పాటు ఉంది. రెండు పోతే లేదు. కంగారు పడవలసినది ఏమీ లేదనుకున్నాము. ప్రతి రాత్రి టేపుపై బ్యాకప్ తీస్తూనే ఉన్నాము కదా! రిజిస్టరులో సంతకాలు కూడా ఉన్నాయి. ఆ టేపును తిరిగి చదివి చూసినవారు మాత్రం పదమూడేళ్ళలో ఒక్కరూ లేరు. తాజా టేపు చదవబడలేదు. దాని ముందుదీ చదవబడలేదు. బుధవారం నాటి టేపు పలికింది. హమ్మయ్య అని కొత్త యంత్రం తెప్పించి పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందులో ఎక్కించబోతే, ఆ కొత్త యంత్రంలోని డిస్కును అది గుర్తించనే లేదు. అది పుట్టేనాటికి అటువంటి డిస్కులు లేవు మరి! చివరకు కొత్త యంత్రంలో పాత యంత్రాన్ని అనుకరించే వర్చువల్ మెషీన్ ఏర్పాటు చేసి, దానిలో పాత ఇంటిని యథాతథంగా నిలబెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. బుధవారం తరువాతి బిల్లులన్నీ కాగితాలు చూసి మళ్ళీ ఎక్కించవలసి వచ్చింది.

ఆరవ రోజున ఫరీదాబాదు నుండి ఒక పెద్దావిడ వచ్చారు. ఆమె భర్త మా కార్యాలయంలోనే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. శ్రీకాకుళం జిల్లావారు. వారానికి రెండుసార్లు డయాలసిస్ నడుస్తున్నది. బిల్లు మంజూరైతేనే ఆసుపత్రివారు పాత బాకీ సర్దుకుని ముందుకు సాగుతారు. ఆమె ప్లాస్టిక్ సంచిలోంచి రసీదుల కట్ట తీసి మా బల్లపై పెట్టారు. మేము సర్వరు సంగతి, డిస్కుల సంగతి వీలైనంత సులువుగా వివరించాము. ఆమె ఓపికగా విని, “మిషను పాడైందంటే అర్థమైంది బాబూ. మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా పాడైంది. మరి అందులో ఉన్న మా కాగితాలు ఎక్కడికి పోయాయి?” అని అడిగారు.

మా దగ్గర సమాధానం లేదు. “ఎక్కడికీ పోలేదమ్మా, వస్తాయి” అన్నాము. ఆ రోజు ఆర్థిక విభాగం అధికారి తాత్కాలిక అడ్వాన్సుకు అంగీకరించి పంపించారు గనుక డయాలసిస్ ఆగలేదు. కానీ ఆ మండుటెండలో ఆమె తిరిగి మెట్రో స్టేషను వైపు నడిచి వెళుతుంటే కిటికీలోంచి చూసిన మాకు, 2019లో మేము రాసిన ‘తక్షణ ఆవశ్యకత కనిపించుట లేదు’ అన్న వాక్యం గుర్తుకు వచ్చింది. కనిపించకపోవడానికి కారణం మేము యంత్రం వైపు మాత్రమే చూడడం.

అయినా మనసు తొందరగా మారలేదన్నది ఒప్పుకొని తీరాలి. నెల తిరగకుండానే జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేరు సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరలతో నిలిచిపోయాయి. గంటన్నర లోపే దానిని ఉపసంహరించుకున్నా జరగవలసిన నష్టం జరిగింది. మన విమానాశ్రయాలలో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మా విభాగంలోని యువ ఇంజనీరు అమ్మాయి, ఆమె వరంగల్ ఎన్.ఐ.టి.లో చదివింది, కొత్త ప్రతిపాదనతో వచ్చినప్పుడు మేము ఆ వార్తనే చూపించాము. ఆమె తడుముకోకుండా, “సార్, అక్కడ తప్పు అప్‌డేట్ చేయడంలో లేదు. అందరికీ ఒకేసారి పంపించడంలో ఉంది. ముందు కొద్దిమందికి పంపి చూసి ఉంటే అక్కడితో ఆగేది” అన్నది. చిన్నపిల్ల చెప్పిందని కొట్టివేయడానికి వీలులేని మాట.

ఆ ఆదివారం మా పూర్వపు విభాగాధిపతిని ఆంధ్రా భవన్ క్యాంటీనులో భోజనానికి పిలిచాము. మాకు కంప్యూటరు ఓనమాలు దిద్దించిన పెద్దమనిషి. డెబ్భై ఆరేళ్ళ వయసులో కూడా గోంగూర పచ్చడి రెండవసారి వడ్డించుకోగలరు. పాతదే మేలని ఆయన మమ్మల్ని సమర్థిస్తారన్న ఆశ లోపల ఉన్నది. అంతా విని ఆయన, “చూడవయ్యా, నేనూ పాతవాణ్ణే. బి.పి., షుగరు అన్నీ ఉన్నాయి. కానీ నా మందుల చీటీ ఎక్కడుందో మా ఆవిడకు తెలుసు, అబ్బాయికి తెలుసు, పక్కింటి డాక్టరుకూ తెలుసు. నీ సర్వరు మందుల చీటీ ఎవరి దగ్గర ఉంది?” అని అడిగారు.

“మా దగ్గరే సార్” అన్నాము.

“కాగితం మీదా, తలలోనా?”

తలలోనే ఉంది. ఆ తల మరో నాలుగేళ్ళలో పదవీ విరమణ చేయబోతున్నది.

ఆయన మరొక మాట కూడా అన్నారు: “పాత కొత్తల తగవు తీరాలంటే రైల్వేవాళ్ళను చూడు.” ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే మా స్వానుభవమే ఎదురుగా నిలిచింది. 1993లో చేరిన తొలి సంక్రాంతికి ఇంటికి వెళ్ళడానికి న్యూఢిల్లీ స్టేషను దగ్గర ఐ.ఆర్.సి.ఏ. భవనంలో వరుసలో నిలబడ్డాము. వెళ్ళడానికి టిక్కెట్టు అక్కడ కంప్యూటరుపై దొరికింది. తిరిగి రావడానికి మాత్రం విజయవాడలో మా తమ్ముడు వరుసలో నిలబడవలసి వచ్చింది. ఢిల్లీ కంప్యూటరు, సికింద్రాబాదు కంప్యూటరు అప్పటికి ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేవి కావు.

ఆ ఢిల్లీ వ్యవస్థ 1985లో ఇంప్రెస్ అన్న పేరుతో మొదలైంది. నాడు ప్రభుత్వ రంగ సంస్థగా ఉన్న సి.ఎమ్.సి. దానిని రూపొందించింది. వ్యాక్స్ కంప్యూటర్లపై వి.ఎమ్.ఎస్. అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో అది నడిచేది. తరువాత రైల్వేల కంప్యూటరు సంస్థ క్రిస్ దాని స్థానంలో కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేరును తయారుచేసింది. దానిని అయిదు కేంద్రాలలో ఒకేసారి మార్చలేదు. 1994లో మొదట సికింద్రాబాదులో ప్రవేశపెట్టారు. అక్కడ నిలదొక్కుకున్నాక ఒక్కొక్క కేంద్రానికీ విస్తరించారు. 1999లో ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఒకే వలయంలోకి వచ్చాయి. మా తమ్ముడికి వరుసలో నిలబడే బాధ తప్పింది. అయిదేళ్ళపాటు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తున్నా, టిక్కెట్టు కొన్న ప్రయాణికుడికి ఆ సంగతి తెలియనే లేదు.

మరింత గమనించదగిన విషయం వి.ఎమ్.ఎస్. చరిత్ర. 1977లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ అనే అమెరికా సంస్థ దానిని వెలువరించింది. ఆ సంస్థను 1998లో కాంపాక్ కొన్నది. కాంపాక్ 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కలిసింది. 2014 నుండి దాని బాధ్యతను మరొక చిన్న సంస్థ స్వీకరించింది. కింద యంత్రం వ్యాక్స్ నుండి ఆల్ఫాకు, ఆల్ఫా నుండి ఐటానియంకు మారింది. ఇంటెల్ సంస్థ 2021లో ఐటానియం ప్రాసెసర్ల సరఫరాను ముగించింది. నేడు సర్వత్రా వాడుకలో ఉన్న సాధారణ ప్రాసెసర్లపై నడిచే వి.ఎమ్.ఎస్. 2022లో వచ్చింది. ఇన్ని చేతులు మారినా, ఇన్ని యంత్రాలు మారినా అది బ్రతికి ఉండడానికి కారణం కదలకుండా ఉండడం కాదు. కాలు ఆనిన మెట్టు విరగక ముందే ప్రతిసారీ తరువాతి మెట్టు మీదికి అడుగు వేయడం. మన రైల్వే రిజర్వేషను వ్యవస్థ ప్రస్తుత రూపం 2010లో నెలకొల్పినదనీ, ఐటానియం సర్వర్లపై ఓపెన్ వి.ఎమ్.ఎస్.తో నడుస్తున్నదనీ, దానిని సమూలంగా పునర్నిర్మిస్తున్నామనీ 2025లో రైల్వే శాఖ పార్లమెంటుకు తెలిపింది. నలభై ఏళ్ళు నమ్మకంగా పనిచేసిన పరంపరను కూడా, అది ఇంకా పనిచేస్తుండగానే మార్చడానికి పూనుకున్నారు. మేము చేయనిది సరిగ్గా ఇదే.

2024 ఆగస్టులో మేము, యువ ఇంజనీరు కలిసి కార్యాలయంలోని సర్వర్లన్నింటి జాబితా తయారుచేశాము. ప్రతి దానికీ వయస్సు రాయలేదు. మూడు ప్రశ్నలు మాత్రం రాశాము. దీనికి మందు ఇచ్చేవారు ఇంకా ఉన్నారా? దీనికి వీధి తలుపు ఉన్నదా? ఇది ఈ రాత్రి కాలిపోతే రేపు తిరిగి నిలబెట్టగలవారు ఎందరు? మూడవ ప్రశ్నకు జవాబు ఒక్కరే అయితే ఎర్ర సిరాతో గుండ్రం చుట్టాము. పద్నాలుగు సర్వర్లలో తొమ్మిదింటికి ఎర్ర గుండ్రం పడింది.

ఆ జాబితా ప్రకారం అన్నింటినీ మార్చాలని మేము నిర్ణయించలేదు. ఒక కొలత పరికరానికి అనుబంధంగా ఉన్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరును అలాగే ఉంచాము. ఆ పరికరం సాఫ్ట్‌వేరుకు కొత్త రూపం లేదు; పరికరమే మార్చాలంటే వ్యయం అధికం. దాని నెట్‌వర్కు తీగ తీసివేసి, డిస్కుకు రెండు నకళ్ళు తీసి, ఆ నకలుతో నిజంగా నడిపి చూసి, పద్ధతిని ఒక కాగితంపై రాసి గోడకు అంటించాము. పాతదానిని ఉంచడం కూడా ఒక నిర్ణయమే. దానికీ ఇంత పని ఉంటుంది. పని చేయకుండా ఉంచడాన్ని మాత్రం నిర్ణయం అనరాదు, వాయిదా అనాలి.

వైద్య బిల్లుల సర్వరు విషయంలో ఇక వాదోపవాదాలకు తావు లేదు. సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం ఏదైనా దాడి జరిగితే గుర్తించిన ఆరు గంటలలోగా తెలియజేయాలి. 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలి. గడియారాలను జాతీయ కాలంతో సరిపోల్చుకోవాలి. మా పాత సర్వరు ఈ మూడింటిలో ఏదీ సక్రమంగా చేయగల స్థితిలో లేదు. మారాలి. ఎలా మారాలన్నదే ప్రశ్న.

రైల్వేవారి మార్గమే పట్టాము. పాతది వర్చువల్ మెషీన్‌లో నడుస్తుండగానే, వీధి తలుపు మూసివేసి, పక్కన కొత్తదానిని నెలకొల్పాము. అన్నింటికన్నా సరికొత్తదానిని ఎన్నుకోలేదు. విడుదలై రెండేళ్ళు దాటి, గడువు ఇంకా చాలాకాలం ఉన్నదానిని ఎన్నుకున్నాము. మూడు నెలలపాటు ప్రతి బిల్లునూ రెండింటిలోనూ లెక్కించి ఫలితాలు పోల్చాము. మొదటి నెలలో పదకొండు బిల్లులు ఒక్కొక్క రూపాయి తేడాతో వచ్చాయి. పాత ప్రోగ్రాము సరిగ్గా యాభై పైసలు వచ్చినప్పుడు కిందికి సవరించేది, కొత్తది పైకి సవరించేది. ఒక్క రూపాయే కదా అనిపించవచ్చు. ఆడిటు అభ్యంతరానికి ఒక్క రూపాయి చాలు.

రెండవ నెలలో ఇంతకన్నా పెద్ద వింత జరిగింది. ఒక విశ్రాంత ఉద్యోగి బిల్లును కొత్త వ్యవస్థ నిరాకరించింది. కారణం చూస్తే, ఆయన ఇంకా పుట్టలేదు! ఆయన జన్మ సంవత్సరం 1929. పాత దస్త్రంలో రెండంకెలతో 29 అని ఉంది. కొత్త డేటాబేసు యాభై లోపు అంకెలను 2000 తరువాతి సంవత్సరాలుగా పరిగణిస్తుంది కనుక ఆయన 2029లో జన్మించవలసి ఉన్నది. పాత ప్రోగ్రాములో మాత్రం పుట్టిన తేదీల విషయంలో ఇరవై లోపు అంకెలనే కొత్త శతాబ్దంగా తీసుకోవాలన్న సవరణ ఉంది. ఆ సవరణ చేసినది ఎవరా అని వెతికితే ప్రోగ్రాము అంచున ఒక తేదీ, మా పేరులోని పొడి అక్షరాలు కనిపించాయి. 1999 మార్చి. ఎందుకు చేశామో ఒక్క వాక్యం రాయలేదు. పాతికేళ్ళ తరువాత ఆ అమ్మాయి దానిని కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. “సార్, అప్పుడే ఒక్క లైను రాసి ఉంటే...” అని మాత్రం అని ఊరుకున్నది. మేము కూడా ఊరుకున్నాము. ఆ పెద్దాయనతో పాటు మరో ఇరవై ముగ్గురి పుట్టిన తేదీలను కాగితపు సర్వీసు రిజిస్టర్లు తెప్పించి నాలుగంకెలుగా సరిచేశాము.

2025 మార్చిలో ఒక ఆదివారం మార్పిడి పూర్తయింది. ఆ రోజు మేము కీబోర్డు ముట్టుకోలేదు. అది ముందే చేసుకున్న ఏర్పాటు. మేము రాసిన పద్ధతి కాగితాన్ని చూస్తూ ఆ అమ్మాయి, మరొక సహాయకుడు పని చేశారు. మేము వెనుక కుర్చీలో కూర్చుని, వారు ఎక్కడ ఆగి మా వైపు చూస్తే అక్కడ కాగితంలో లోపం ఉన్నట్లు గుర్తు పెట్టుకున్నాము. ఏడుచోట్ల ఆగారు. ఆ ఏడు లోపాలు సరిదిద్ది, మరుసటి నెలలో బ్యాకప్ నుండి మొత్తం వ్యవస్థను వేరే యంత్రంపై నిలబెట్టించాము. నాలుగు గంటలు పట్టింది. వెనుకటి తొమ్మిది రోజులతో పోల్చి పాఠకులే చూసుకోవచ్చు. ఇప్పుడు ప్రతి మూడు నెలలకు ఒకసారి ఈ అభ్యాసం జరుగుతున్నది. బ్యాకప్ రిజిస్టరులో తీసినవారి సంతకంతో పాటు తిరిగి చదివి చూసినవారి సంతకం కూడా ఉండాలన్న నియమం వచ్చింది.

ఇంతకీ పాతది మేలా, కొత్తది మేలా? ఈ ప్రశ్నకు సమాధానం వర్షన్ సంఖ్యలో లేదని మాకు ఆలస్యంగా తెలిసింది. మన చేతిలో ఉన్నదానిని మనకు ఇష్టమైన రోజున, మన ఇష్టప్రకారం విడిచి వెళ్ళగలిగితే అది పాతదైనా భయం లేదు. అది మనలను విడిచిపోయే రోజు కోసం ఎదురుచూడడం మాత్రం, యంత్రానికి కాదు, దానిలో కాగితాలు దాచుకున్నవారికి అన్యాయం. ప్రతి యూనిట్‌లోని సోదరులు ఒక్కరోజు కేటాయించి ఆ మూడు ప్రశ్నలు వేసుకోవాలనీ, ఎర్ర సిరా కలం దగ్గర ఉంచుకోవాలనీ మనవి.

కొద్దినెలల క్రితం ఫరీదాబాదు పెద్దావిడ మళ్ళీ వచ్చారు. భర్త పరమపదించారు, కుటుంబ పింఛనుకు సంబంధించిన కాగితాలు ఇవ్వడానికి వచ్చారు. వివరాలన్నీ తెరపై సరిగా ఉన్నాయి. ఆమె తెర వైపు కొంచెం వంగి, భర్త పేరు, పుట్టిన తేదీ తానే చదువుకుని, “అన్నీ ఉన్నాయి బాబూ” అన్నారు. రసీదుపై సంతకం చేయించి, మెట్రో వరకు మా కార్యాలయ వాహనంలో పంపించాము. తరువాత వెళ్ళి 2019 నాటి ఫైలు అలమరలోంచి తీయించి, మా పాత నోటు కింద తేదీ వేసి, జరిగినదంతా రెండు పేజీలలో రాసి, మా తరువాత ఆ కుర్చీలో కూర్చునేవారికి మార్కు చేశాము.